మా రెండో ఆల్బమ్‌ని కర్నూల్లో, గోడౌన్లో, క్లిక్ లేకుండా రికార్డ్ చేశాం

మాది కర్నూలు బ్యాండ్, పాడేది నేను. మొదటి ఆల్బమ్ 2019లో హైదరాబాద్‌లో చేశాం. ఆరు రోజులు, ఎనిమిది పాటలు, నలుగురం రెండేళ్లు కూడబెట్టిన డబ్బు. స్టూడియోవాళ్లు మమ్మల్ని బాగానే చూసుకున్నారు, పనీ శుభ్రంగానే చేశారు. కానీ మిక్స్, అంటే అన్ని శబ్దాలూ సరిచేసి కలిపిన పాటలు, చేతికొచ్చిన రాత్రి కర్నూలు బస్సెక్కి, చెరొక ఇయర్‌ఫోన్ పెట్టుకుని మొత్తం విన్నాక, జడ్చర్ల దాటేదాకా నేనూ మా డ్రమ్మరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. చివరికి వాడే అడిగాడు, "అన్నా, ఇది నేను వాయించిందేనా?" అని.

వాడు వాయించిందే. కాకపోతే వాడు కొట్టిన ప్రతి దెబ్బనీ కంప్యూటర్లో తాళం గీతల మీదికి జరిపారు. స్నేర్ డ్రమ్ మీద వాడి దెబ్బ ఒక్కోటి ఒక్కో బరువుతో పడుతుంది, అదే వాడి వాయింపులో నాకు ఇష్టమైనది, అన్నిటినీ ఒకే బరువుకి తెచ్చారు. మమ్మల్ని అడిగే చేశారు కూడా, మాకు అప్పుడు తెలియక సరేనన్నాం. పాటల్లో తప్పులేమీ లేవు. మేమూ లేము.

క్లిక్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇప్పుడు స్టూడియోల్లో ఎక్కువ రికార్డింగులు దాని మీదే జరుగుతాయి. హెడ్‌ఫోన్లో టిక్ టిక్ అని నిమిషానికి 92 అనో 120 అనో మోగుతూ ఉంటుంది, దాని మీద వాయించాలి. అలా వాయిస్తే ఒక టేక్‌లో పల్లవి, ఇంకో టేక్‌లో చరణం తీసి అతికించొచ్చు, ఎవరు ఏ ఊళ్లో కూర్చుని వాయించినా తర్వాత కలిసిపోతుంది. చాలా పనికొచ్చే వస్తువు, నాకు దాని మీద కోపమేమీ లేదు. అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణా రెండో ఆల్బమ్ 'నెవర్‌మైండ్' 1991లో వచ్చింది కదా, అందులో 'లిథియం' పాటకి డ్రమ్స్ వేగం పెరిగిపోతోందని ప్రొడ్యూసర్ బుచ్ విగ్ క్లిక్ పెట్టించాడు. ఆ పాటకి అది అవసరం. మా పాటలకి అవసరమా కాదా అని మేము ఒక్కసారైనా ప్రశ్నించుకోలేదు, నా బాధంతా అదే.

రెండో ఆల్బమ్ మొదలుపెట్టేనాటికి మా దగ్గర మిగిలినవి రెండు పాటలు. మొదటి ఆల్బమ్‌లోవి కాలేజీ రోజుల నుంచి ఆరేళ్లు స్టేజీల మీద వాయించి వాయించి నలిగిన పాటలు, ఎక్కడ జనం లేస్తారో ఎక్కడ ఫోన్లు తీస్తారో కూడా మాకు తెలుసు. ఈసారి మిగతావన్నీ కొత్తగా కట్టాలి. దానికి టైమ్ లేదు. లీడ్ గిటార్ వాయించే అన్నకి బ్యాంకు ఉద్యోగం, రోజూ ఎమ్మిగనూరు పోయి రావాలి. డ్రమ్మర్ మొబైల్ షాపు పెట్టుకున్నాడు. బేస్ వాయించేవాడు వాళ్ల నాన్న విత్తనాల వ్యాపారంలో దిగాడు. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు దొరికితే పండగే. 2022 జనవరి నుంచి జూలై దాకా అలా కూర్చుని నాలుగు పాటలు కట్టాం, వాటిల్లో మూడు మొదటి ఆల్బమ్‌లో పాటల్లాగే ఉన్నాయని తీసేశాం. ఆ ఏడు నెలలూ నాకు చాలా టెన్షన్‌గా గడిచాయి, ఇక మా దగ్గర చెప్పడానికేమీ లేదేమో అనిపించేది.

మార్పు వచ్చింది ఆ ఆగస్టులో, పీర్ల పండుగకి. కోడుమూరు దగ్గర బేస్‌వాడి అమ్మమ్మగారి ఊరు, రమ్మంటే అందరం పోయాం. మా సీమలో పీర్ల పండుగంటే హిందువులు ముస్లింలు అని తేడా ఉండదు, ఊరంతా చేస్తుంది, చదివింపులు అందరి ఇళ్ల నుంచీ పోతాయి. చావిడి ముందు గుండంలో నిప్పులు, దాని చుట్టూ మనుషులు, ఒక పక్కన తప్పెటలు. నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఆ రాత్రి మా డ్రమ్మర్ నా చెయ్యి పట్టుకుని ఫోన్ చూపించాడు. మెట్రోనోమ్ యాప్ తెరిచి తప్పెటతో పాటు వేలితో కొడుతూ లెక్కపెడుతున్నాడు. మొదట 92 ఉంది. జనం తిరిగే కొద్దీ 95, 98, ఒకచోట మళ్లీ 96కి తగ్గి, చివరికి 108. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. నాలుగు తప్పెటలూ ఒక్క దెబ్బ విడిపోలేదు. మధ్యలో ఉన్న పెద్దాయన జనం అడుగులు చూస్తున్నాడు, అంతే. వాళ్ల కాళ్లు ఎంత తొందర పడితే ఆయన అంతకంటే ఒక పిసరు ముందుంటున్నాడు.

ఆ పెద్దాయన బేస్‌వాడికి తెలిసినాయనే, వాళ్ల గోడౌన్లో చాలాకాలం హమాలీగా చేశాడు. తెల్లారి టీ దగ్గర కలిసినప్పుడు "చిన్నాయనా, మా పాటకి వాయిస్తావా?" అని నేను సూటిగానే అడిగేశాను. ఆయన "మీదేం పాటో ముందు వినిపీ నాయనా, వాయించేదుందో లేదో సూస్తా" అన్నాడు. ఫోన్లో మా కొత్త పాట ఒకటి వినిపించాను. సగం విని, "దీనికి తప్పెట యాల? ఇంట్లో కూసోని పాడుకునే పాట ఇది" అన్నాడు. కరెక్టే. ఆ పాట కూడా తీసేశాం.

అప్పటి నుంచి పాటలు కట్టే పద్ధతే మార్చాం. ముందు ట్యూన్, తర్వాత మాటలు కాకుండా, ముందు నడక, అంటే తాళం సాగే తీరు. డ్రమ్మర్ ఆ రాత్రి ఫోన్లో రికార్డ్ చేసుకున్న తప్పెట వింటూ కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) స్నేర్‌ల మీదికి దాన్ని తెచ్చేవాడు, తప్పెట మీద సన్నపుల్ల చేసే పని హైహ్యాట్ తాళాలకి, లావుపుల్ల పని ఫ్లోర్ టామ్ అనే లోగొంతు డ్రమ్‌కి ఇచ్చాడు. దాని మీద గిటార్ ఎక్కడ వాయించాలి అన్నదానికంటే ఎక్కడ ఆగాలి అన్నది మాకు పెద్ద పనైంది.

మాటల విషయం కూడా చెప్పాలి. మొదటి ఆల్బమ్‌లో నేను పాడిన తెలుగు సినిమా పాటల తెలుగు. ఇంట్లో ఒక రకంగా మాట్లాడి మైక్ ముందు ఇంకో రకంగా పాడాను. ఈసారి తుంగభద్ర మీద ఒక పాట రాశాను, వరద పాట, దాని పల్లవి మొదట "ఎక్కడికి పోయావు" అని రాసుకున్నా. ఎన్నిసార్లు పాడినా మొదటి దెబ్బ మీద మాట నిలబడటం లేదు, "ఎ" అనేది హ్రస్వం, వచ్చినట్టే వచ్చి జారిపోతుంది, తర్వాత వచ్చే ద్విత్వం దెబ్బ దాటాక పడుతుంది. ఒకరోజు విసుగొచ్చి మా అమ్మ మాట్లాడినట్టే పాడాను: "యాడికి పోయినావే తుంగమ్మా, యాడ తిరిగొస్తివే." "యా" దీర్ఘం కదా, సరిగ్గా తప్పెట దెబ్బ మీద కూర్చుంది, లాగినంత సేపు సాగింది. మా యాసలో పాడాలని పట్టుబట్టి ఏమీ మొదలుపెట్టలేదు. పాటే అడిగింది. తర్వాత మిగతా పాటలన్నీ మళ్లీ తిరగరాశాను, "చేస్తున్నాను" పోయి "చేస్తాండా" వచ్చింది, "ఎందుకు" పోయి "యాల" వచ్చింది, ప్రతిచోటా నోరు తేలికపడింది.

2023 ఏప్రిల్‌కి ఎనిమిది పాటలు తయారయ్యాయి. రికార్డింగ్ కర్నూల్లోనే అనుకున్నాం. చిన్నాయనని హైదరాబాద్ తీసుకుపోయి అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించడం నాకు ఇష్టం లేదు, డబ్బులు కూడా లేవు. బేస్‌వాళ్ల గోడౌన్ కల్లూరు వైపు ఉంది, వేసవిలో ఖాళీగా ఉంటుంది, విత్తనాల సంచులు జూన్ మొదట్లో దిగుతాయి. సరిగ్గా మే నెల మాది.

రేకుల కప్పు, కింద కడప బండలు, నాలుగు వైపులా సిమెంటు గోడలు. చప్పట్లు కొడితే రెండు సెకన్లు మోగేది. పరుపులు కుట్టే షాపులో పాత పత్తి బేరమాడి కొని గోనెసంచుల్లో కుక్కి గోడలకి ఆనించి పేర్చాం, ఇంటింటికీ తిరిగి బొంతలు అడుక్కొచ్చి తాళ్ల మీద వేలాడదీశాం. మా జేజి కుట్టిన బొంత ఒకటి స్నేర్ వెనకాల వేలాడుతూ ఉండేది నెలంతా. బండల మీద మాత్రం ఏమీ పరచలేదు, డ్రమ్స్ కింద ఒక్క చాప తప్ప. ఎందుకంటే ఆ రాయి మీద నుంచి తిరిగొచ్చే శబ్దంలో కొంచెం కారం ఉంది, అది మాకు నచ్చింది.

పగలు లోపల నిలబడలేం. కర్నూల్లో మే ఎండ సంగతి చెప్పక్కర్లేదు, ఆ రేకుల కింద గిటార్ తీగలు పట్టుకుంటే వేడిగా తగిలేవి, ట్యూన్ చేసిన పది నిమిషాలకే దిగిపోయేవి. రాత్రి పదిన్నరకి మొదలుపెట్టి నాలుగింటికి ఆపేవాళ్లం. టేక్ నడుస్తున్నంతసేపు ఫ్యాన్లు ఆపెయ్యాలి, లేకపోతే మైకుల్లో గాలి హోరు పడుతుంది. పాట అయిపోగానే నలుగురం ఫ్యాన్ కిందికి పరిగెత్తేవాళ్లం. అన్న మాత్రం పొద్దున ఏడింటికి ఎమ్మిగనూరు బస్సు ఎక్కాలి, బస్సులోనే నిద్ర. ఆయన ఒక్కరోజు కూడా నావల్ల కాదనలేదు, ఆ మాట ఇక్కడ రాయాల్సిందే.

మొదటి రెండు రాత్రులు ఒక్క పాట కూడా రికార్డ్ కాలేదు. గిటార్ ప్లగ్ చేస్తే జుయ్‌మని ఒకటే మోత. కేబుల్ మార్చాం, గిటార్ శబ్దం పెంచే ఆంప్ మార్చాం, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేశాం. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, అది ఎర్తింగ్ లోపమని నాకు ముందే తట్టాల్సింది. బేస్‌వాడు టార్చ్ వేసుకుని గోడౌన్ వెనక్కి పోయి ఎర్త్ గుంత మూత తీశాడు. లోపల మట్టి బీటలు వారి ఉంది. ఎన్నేళ్లయిందో నీళ్లు పోసి. మట్టిలో తడి లేకపోతే కరెంటు లోపలికి దిగదు, మా సీమలో వేసవిలో భూమే ఎండిపోతుంది కదా. రెండు బిందెల నీళ్లలో దోసెడు రాళ్లుప్పు కలిపి పోశాడు. నేల చుయ్యిమని పీల్చుకుంది. అరగంట తర్వాత ఆంప్ ఆన్ చేస్తే మోత ముప్పావు వంతు తగ్గిపోయింది. ఆ నెలంతా మా రాత్రి పని మొదలయ్యేది ఆ గుంతలో బిందెడు నీళ్లు పోసి.

మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, మా దగ్గరున్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కి ఎనిమిది మైకులు పడతాయి. డ్రమ్స్‌కి నాలుగు చాలని అనుకున్నాం: కిక్‌కి ఒకటి, స్నేర్ మీద షూర్ ఎస్ఎం57 ఒకటి, పైనుంచి రెండు. తప్పెటకి రెండు. ముందువైపు మైక్‌లో పుల్ల దెబ్బ తగిలే చప్పుడు వస్తుంది, వెనకవైపు తెరిచి ఉంటుంది కాబట్టి అక్కడి మైక్‌లో కడుపులోంచి వచ్చే గుమ్మనే శబ్దం. రెండూ కలిపితే ఆ గుమ్ము మాయమైంది. ముందునుంచి గాలి నెట్టుకొచ్చేటప్పుడు వెనకనుంచి లోపలికి లాగుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. వెనక మైక్ ఫేజ్ తిప్పాం, అంటే దాని శబ్ద తరంగాన్ని తలకిందులు చేశాం, ఒక్క బటన్, తప్పెట మొత్తం గదిలోకి వచ్చినట్టైంది. మిగిలిన రెండింట్లో ఒకటి బేస్‌కి, ఒకటి గిటార్ ఆంప్‌కి. ఆంప్‌ని ఆఫీసు గదిలో పెట్టి షట్టర్ దించేశాం.

చిన్నాయన వచ్చిన మొదటి రాత్రి క్లిక్‌తోనే ప్రయత్నించాం. ఇన్ని చెప్పినా, చేతిలో పని మొదలయ్యేసరికి మాకే ధైర్యం చాల్లేదు, తర్వాత ఎడిటింగ్ ఎలా అని భయం. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని ఓపిగ్గా నాలుగుసార్లు వాయించాడు. నాలుగుసార్లూ రెండో చరణంలో ఆయన ముందుకి పోతాడు, టిక్ టిక్ వెనక పడిపోతుంది, ఆయన ఆగి మమ్మల్ని చూస్తాడు. ఐదోసారి హెడ్‌ఫోన్ తీసి బండ మీద పెట్టాడు. "నాయనా, దీంట్లో ఉండేటోడు పాట ఇంటాలేడు. వాని పని వాడు చేసుకుంటాండాడు. నేను వానితో యట్ల వాయించేది?" అన్నాడు.

ఎవరం ఏమీ మాట్లాడలేదు. అన్న లేచి ల్యాప్‌టాప్‌లో క్లిక్ ట్రాక్‌ని డిలీట్ చేశాడు, మ్యూట్ కాదు, డిలీట్. డ్రమ్స్ తిప్పి చిన్నాయనకి ఎదురుగా పెట్టాం, ఇద్దరి మధ్యా ఆరడుగులు. బేస్‌వాడు ఇద్దరి కాళ్లూ కనిపించేచోట నిలబడ్డాడు. హెడ్‌ఫోన్లు ఎవరికీ లేవు, గిటార్ కోసం ఒక చిన్న స్పీకర్ నేల మీద పెట్టుకున్నాం. అంటే ఏంటి? ప్రతి మైక్‌లో అందరి శబ్దమూ పడుతుంది. ఎవరు తప్పు చేసినా అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాలి. వేగం ఒక్కో టేక్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి అతికించడం కుదరదు, పాట మొత్తం ఒకే టేక్‌లో రావాలి.

వరద పాట పదకొండు టేకులు పట్టింది. రెండు టేకులకొకసారి చిన్నాయన బయటికి పోయేవాడు. గుప్పెడు చొప్ప ముట్టించి, మంటకి జానెడు ఎత్తున తప్పెట తిప్పుతూ కాచేవాడు, వేలి కణుపుతో తట్టి వినేవాడు, మళ్లీ తిప్పేవాడు. ఎండాకాలం తోలు ఎలాగూ బిగిసే ఉంటుంది, ఎక్కువ కాస్తే చిట్లుతుంది, అందుకని మంట మీద ఉంచేది నిమిషం కూడా కాదు. నేను పక్కనే కూర్చుని చూస్తుండేవాణ్ణి. తట్టినప్పుడు మొదట "దబ్" అంటుంది, తర్వాత "డబ్", ఆయనకి కావాల్సింది "డాణ్" అని మోగడం, అది రాగానే ఇంకో సెకను కూడా ఉంచేవాడు కాదు. మా డ్రమ్మర్ అది చూసి వచ్చి స్నేర్ ట్యూనింగ్ మళ్లీ మొదటి నుంచి చేసుకున్నాడు, అప్పటిదాకా యూట్యూబ్‌లో చూసి చేసేవాడు.

ఏడో టేక్ మేము ఉంచుకున్నది. అందులో నాలుగో నిమిషం దగ్గర దూరంగా రైలు కూత ఉంది, సిటీ స్టేషన్ వైపు నుంచి. తీసెయ్యడానికి కుదరదు, అన్ని మైకుల్లోనూ ఉంది. ఉండనిచ్చాం.

ఆ పాటలో హార్మోనియం కూడా ఉంది, దాని గురించి చెప్పకపోతే ఈ రాత సగమే. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజు, తుంగభద్రా హంద్రీ రెండూ ఊళ్లోకొచ్చినప్పుడు మా ఇల్లు పాతబస్తీలో, నేను పదో తరగతి. మిద్దె మీద కూర్చున్నాం, కింద ఇంట్లో అమ్మ హార్మోనియం ఉంది, ఆమె రామాలయం భజనలో వాయించేది. నీళ్లు తీశాక దాన్ని బయటికి లాగితే లోపల మోచేతి మందం బురద. తిత్తి తోలు కుళ్లిపోయింది, చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కుపోయాయి. అందరూ పారెయ్యమన్నారు. అమ్మ పారెయ్యలేదు, ఏడాది తర్వాత బాగుచేసే ఆయన్ని పట్టుకుని కొత్త తిత్తి వేయించింది. ఆయన లోపలి ఇత్తడి రీడ్లని ఒక్కోటి తీసి మకిలి గీకి పెట్టాడు. రీడ్ కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది. ఇన్నేళ్లూ అమ్మకి దానితో ఇబ్బందేమీ రాలేదు, భజనలో అందరూ దాని శ్రుతికే పాడతారు కాబట్టి.

వరద పాటకి ఆ పెట్టే కావాలని నాకు మొదటి నుంచీ ఉంది. గోడౌన్‌కి తెచ్చి గిటార్‌తో కలిపితే పళ్లు పులిసినట్టైంది. ట్యూనర్ పెట్టి చూశాం: ప్రపంచంలో ఎక్కువమంది 'ఏ' స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి పెట్టుకుంటారు, మా పెట్టె 446 దగ్గరుంది. అన్న ముందు దాన్ని విడిగా రికార్డ్ చేసి కంప్యూటర్లో కిందికి దించుదామన్నాడు. దించి విన్నాం. గొంతు మూసుకుపోయినట్టు ఉంది. అప్పుడు ఆయనే ట్యూనర్ యాప్‌లో 440 చెరిపి 446 అని కొట్టి, ఒక్కో తీగా పైకి బిగించడం మొదలుపెట్టాడు. బేస్‌వాడూ అదే చేశాడు. నేను కూడా ఆ కాస్త పైకి పాడాలి, చివరి చరణంలో గొంతు పగిలే చోట అది తెలుస్తుంది.

అమ్మ రాత్రి పదింటికి ఆటోలో వచ్చింది, ఫ్లాస్కు నిండా టీ, డబ్బాలో చెక్కలు. మైక్ చూసి కొంగు సర్దుకుంది. "ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పు" అని అడిగితే, "చిన్నాయన మొదటి దెబ్బ కొట్టగానే తిత్తి వెయ్ మా" అన్నాను. మంద్రంలో ఒక మెట్టు మోగదు, బురద నాటి నుంచీ అంతే. ఆమె ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి వేలు దానంతట అదే దాటేస్తుంది. ఆ ఖాళీ పాటలో మూడుసార్లు వస్తుంది. పదకొండు టేకులూ ఆమె కూర్చునే ఉంది, రాత్రి రెండు గంటలు దాటాక పోయి పడుకోమంటే "మీ చిన్నాయన కూసోలేదా" అంది.

మే అయిపోయేసరికి ఎనిమిది పాటలూ కలిపితే 34 నిమిషాలు వచ్చింది. ఇంకో పాటుంటే బాగుండనిపించింది. ఇంగ్లండ్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ రెండో ఆల్బమ్ 'పారనాయిడ్'లో ఆ పేరు పాట ఆల్బమ్ నిడివి చాలక చివర్లో గబగబా కట్టిందేనని అన్న గుర్తుచేశాడు. మాది చివరి రాత్రి గంటలో కట్టింది, తప్పెటా డ్రమ్సూ నా గొంతూ, గిటార్ లేదు. ఆల్బమ్ దానితోనే మొదలవుతుంది.

మిక్సింగ్ బెంగళూరులో ఉండే స్నేహితుడికి ఇచ్చాం. మంచి పనిమంతుడు. వారం తర్వాత మొదటి పాట పంపాడు, విని నాకు మళ్లీ జడ్చర్ల బస్సు గుర్తొచ్చింది. వేగం అక్కడక్కడా పరుగెత్తుతోందని మొత్తం పాటని 98కి సాగదీసి కుదించి సమం చేశాడు. "మీకు సాయంగా ఉంటుందని చేశా" అన్నాడు, మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. ఫోన్లో ఎంత చెప్పినా అతనికి ఎక్కలేదు. చివరికి ఏడో టేక్ నడుస్తున్నప్పుడు మూలన పెట్టిన ఫోన్లో తీసిన వీడియో పంపాను, చిన్నాయన భుజాలు, ఎదురుగా మావాడు, ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ ఉండటం. అరగంటకి మెసేజ్ వచ్చింది, మొదటి నుంచి చేస్తానని. తర్వాత చేసిన మిక్స్‌లో అతను ఒక్క దెబ్బ కూడా జరపలేదు, డ్రమ్స్ కుడికి కొంచెం, తప్పెట ఎడమకి కొంచెం పెట్టాడు, హెడ్‌ఫోన్లో వింటే మీరు ఆ ఇద్దరి మధ్య కూర్చుని ఉంటారు. నన్ను రెండోసారి అదే పాట పాడి గొంతు మీద గొంతు వెయ్యమన్నాడు, నాకు ఇష్టం లేకపోయినా వరద పాట తప్ప మిగతావాటికి ఒప్పుకున్నాను. మాస్టరింగ్‌లో, అంటే మిక్స్ తర్వాత చివరి మెరుగులో, మరీ గట్టిగా పెంచొద్దన్నాం. స్పాటిఫై మామూలుగా పాటల శబ్దాన్ని మైనస్ 14 LUFS (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది, ముందే పిండేస్తే తప్పెట దెబ్బలోని ప్రాణం పోవడం తప్ప లాభం లేదు.

ఇక కాగితాల పని. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్ఆర్‌సీ అనే గుర్తింపు నంబర్ ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు, పాటల్ని యాప్‌లకి చేరవేసే డిస్ట్రిబ్యూటర్ వాళ్లే ఇస్తారు. స్వరకర్త ఎవరు, రచయిత ఎవరు అని ఫారం నింపాలి. ఇక్కడ మాలో మాకు ఒక సాయంత్రమంతా చర్చ జరిగింది. చిన్నాయన వాయించిన మూడు పాటల్లో ఆయన పేరు "తప్పెట" అని వాద్యకారుల్లో వేస్తే సరిపోతుందా? ఆ నడక ఆయనది. గిటార్ ట్యూన్ ఆ నడక లోంచి పుట్టింది. ఆయన్ని స్వరకర్తల్లోనే వేశాం, మా నలుగురితో సమానంగా వాటా. తప్పెట వాయించేవాళ్లని పండగకి పిలిచి, వాయించుకుని, చేతిలో వందో రెండొందలో పెట్టి పంపెయ్యడం మన ఊళ్లలో ఎన్ని తరాల నుంచి ఉందో అందరికీ తెలుసు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో రావాల్సిన వాటాని, వారసులూ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ తప్ప, వాళ్ల నుంచి ఎవరూ రాయించేసుకోవడానికి లేదు, ఆ హక్కు ఆయనకీ ఉండాలి. పాన్ కార్డు లేకపోతే మీసేవకి తీసుకుపోయి చేయించాం, బ్యాంకు పాస్‌బుక్కు అన్న చూసుకున్నాడు. రాత్రిళ్లకి కూలి వేరుగా ఇచ్చాం, మాకు కుదిరినంత. అది చాలా తక్కువని నాకు తెలుసు.

నవంబరులో ఆల్బమ్ బయటికొచ్చింది. ఆ ఆదివారం మేము కోడుమూరు వైపు పోయి చిన్నాయనకి ఫోన్లో, చిన్న స్పీకర్ పెట్టి వినిపించాం. కళ్లు మూసుకోలేదు, తల ఊపలేదు, మోకాలి మీద వేళ్లతో కొడుతూ మొత్తం విన్నాడు. వరద పాటలో రైలు కూత దగ్గర ఆపమని, మళ్లీ వెనక్కి పెట్టించుకున్నాడు. "ఈడ నేను ఒక దెబ్బ మింగినా, రైలు కూత ఇని" అన్నాడు. మేము అన్నిసార్లు విన్నాం, మాకు తెలియలేదు.

తన కొడుకు ఆటోలో పెట్టుకోవడానికి పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఇమ్మన్నాడు. ఆల్బమ్ మొత్తం ఎక్కిస్తుంటే వద్దని, తాను వాయించిన మూడు చాలన్నాడు, ఇంకా జాగా ఉంటే మా అమ్మ హార్మోనియం పాటని రెండుసార్లు వెయ్యమన్నాడు.